అంజయ్య బావ ఎక్కడున్నాడు

బతికినన్నాళ్ళూ మీకు మేలు చేసిన మనిషి, మీ దేవుణ్ని నమ్మలేదన్న ఒక్క కారణం చేత, మీరు చనిపోయాక చేరతామనుకునే చోటికి రాకూడదంటే, మీరు ఆ చోటికి పోతారా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడే మనిషిని, వాదనలో ఎదుటివాడు నోరు మూసేలోపు జవాబు అందుకునేవాణ్ని. కానీ ఈ ప్రశ్న మా అక్క వేసినప్పుడు జవాబుకు నెలలు పట్టింది. ఆ నెలల్లో నా రెండు కిడ్నీలూ పని చేయలేదు. ఇప్పుడు నాలో పని చేస్తున్న కిడ్నీ ఆమెది. అందుకని ఇది జబ్బు కథో, ఆ ప్రశ్న కథో నేను విడదీసి చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

2022, జూన్

మాది నకిరేకల్. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. బడి అయ్యాక వ్యాసాలు రాశాను, సభల్లో వాదించాను. బాబాలతో, జ్యోతిష్కులతో, నూనె రాసి జబ్బులు పోగొడతామనే వాళ్ళతో. నా ఊతపదం ఒకటే: రుజువు చూపించు.

ఆ ఎండాకాలం చివర కాళ్ళు వాచాయి. అన్నం పళ్ళెం చూస్తే కడుపులో తిప్పేది. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టుండేది. రక్తం పరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ, "నొప్పి గోళీలు వాడుతున్నారా?" అని అడిగింది. మోకాళ్ళకు వాడుతున్నానన్నాను. ఎన్నాళ్ళ నుంచి అంటే ఎనిమిదేళ్ళన్నాను. ఎవరు రాశారంది.

ఎవరూ రాయలేదు. మా వీధి ఆర్‌ఎంపీ చిన్న కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవాడు. మంచివాడు. పిలిస్తే వానలో కూడా వస్తాడు. ఫ్లోరైడ్ ఉన్న మా నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు కీళ్ళ నొప్పులు కొత్త కాదు, ఆ పొట్లాలూ కొత్త కాదు. ఊరూరా తిరిగి రుజువు అడిగిన నేను, ఆ గోళీ పేరేమిటని ఎనిమిదేళ్ళలో ఒక్కసారి అడగలేదు. ప్రశ్న వేయకుండా నమ్మి మింగడాన్ని ఏమంటారో నా వ్యాసాల్లో చాలాసార్లు రాశాను. అదే నేను చేశాను.

ఆ గోళీలే నా కిడ్నీలను తినేశాయి. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు నల్లగొండ దవాఖానలో నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రం పక్కన. ఆ గదిలో చలి వేరు. ఒంట్లోంచి నెత్తురు బయటికి పోయి తిరిగి చల్లగా లోపలికి వస్తుంటే, దుప్పటి కప్పుకున్నా వణుకు ఎముకల్లోంచి పుడుతుంది. ఉన్నట్టుండి పిక్కలు కొయ్యబారిపోతాయి. రోజుకు ఇన్నే నీళ్ళని కొలిచి ఇస్తారు. ఎండల్లో బస్సు దిగి ఆ చిన్న గ్లాసు కోసం సాయంత్రం దాకా ఆగడం ఎలా ఉంటుందో, దాహం వేసినప్పుడల్లా కడవ దగ్గరికి పోగలిగే మీకు నేను చెప్పలేను.

ఒకరోజు నా పాత విద్యార్థి ఒకడు తన తోటలో కాసిన బత్తాయిలు గోనె సంచి నిండా మోసుకొచ్చాడు. మూడు గంటలు వరండాలో కూర్చున్నాడు నన్ను చూడటానికి. కిడ్నీ చెడినవాడికి బత్తాయి రసం విషమని వాడికి తెలియదు. నర్సు కేకలేసింది. వాడు తల వంచుకుని, ఆ పళ్ళన్నీ వరండాలో ఉన్నవాళ్ళకు పంచి పోయాడు. ఇది మంచి పనా, కాదా? నేను ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాను. ఆ గదిలో వేరే పనేమీ ఉండదు.

నా పక్క మంచం సైదులుది. హుజూర్‌నగర్ నుంచి వచ్చేవాడు, లారీ డ్రైవరు. యంత్రం విప్పాక సూదులు తీసిన చోట బొటనవేలితో గట్టిగా ఒత్తి పట్టుకోవాలి, లేకుంటే నెత్తురు ఆగదు. నా వేలికి ఆ బలం లేదు. సైదులు తన చేతికి నెత్తురు ఆగగానే నా చెయ్యి పట్టుకునేవాడు.

"సారూ, దేవుడు లేడంటవు. గని గీ మిషను చప్పుడు ఆగితె నాకంటె ముందుగాల నువ్వే మొక్కెటట్టున్నవ్," అనేవాడు.

అక్టోబరు

యంత్రంతో ఎక్కువ కాలం గడవదని, కిడ్నీ మార్చాలని చెప్పారు. సుగుణ, అంటే నా భార్య, ఇస్తానంది. ఆమెకు చక్కెర జబ్బు. మాకు పిల్లలు లేరు. ఇక మిగిలింది తోడబుట్టినవాళ్ళు. నాకున్నది ఒక్క అక్క. ఆమెతో నేను మాట్లాడి ఏడేళ్ళు.

ఎందుకో చెప్పాలి. అక్కది కల్వకుర్తి దగ్గరి పల్లె. ఆమెకు పెద్ద జబ్బు చేసినప్పుడు మిషన్ దవాఖానలో నర్సులు ఆమెను చూసుకున్నారు. ఆ తర్వాత ఆమె క్రీస్తును నమ్ముకుంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేనొక వ్యాసం రాశాను. మతం ఉన్నవాడు అన్నం పెట్టినా, నీళ్ళిచ్చినా అది పరలోకానికి ముందుగా పట్టుకున్న సీటేనని వాదించాను. ఉదాహరణకు, పేరు చెప్పకుండా, ఆదివారం ఆదివారం రోగులకు గంజి కాచి తీసుకుపోయే ఒక ఆడమనిషిని తీసుకున్నాను. పేరు లేకున్నా ఊరందరికీ తెలిసింది.

ఆ వారం బావ వచ్చాడు. అంజయ్య బావ బస్సు కండక్టరు. హైదరాబాదు డ్యూటీ. దారిలో ఉన్న పల్లెలకు పట్నం నుంచి మందులు మోసుకొచ్చేవాడు. ఎవరికి ఏ మందో చొక్కా జేబులో చీటీ ఉండేది. స్టేజీలో బస్సు ఆపి, "ఎవరయ్యా లచ్చమ్మ మనిషి?" అని అరిచి పొట్లం చేతిలో పెట్టేవాడు. గుడికి పోయేవాడు కాదు, ప్రార్థనకు పోయేవాడు కాదు. ఆదివారం అక్కను ప్రార్థన మందిరం ముందు దింపి, ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని, అయిపోగానే ఎక్కించుకుని వచ్చేవాడు.

"బామ్మర్దీ, మంచిగ రాసినవ్. గని మీ అక్కను నడుస్తున్న బస్సులకెళ్ళి కిందికి నూకినవ్," అన్నాడు. చాయ్ తాగి పోయాడు. అంతే. మళ్ళీ అతన్ని చూడలేదు.

నాలుగేళ్ళ తర్వాత బావ పోయాడు. కబురొచ్చింది. అక్కడ ప్రార్థనలు చేస్తారు, నేను చేతులు కట్టుకుని నిలబడాలా అనుకుని పోలేదు. తర్వాత తెలిసింది. ఊరి శ్మశానంలో, పెండ్లాం మతం మారింది కాబట్టి మీవాళ్ళే చూసుకోవాలన్నారట. సంఘం పెద్దలేమో అతనికి బాప్తిస్మం లేదు కాబట్టి తమ సమాధుల తోటలో జాగా కుదరదన్నారట. ఆ తోట గోడకు బయట, కాలువ గట్టు పక్కన పెట్టారు. వాళ్ళు రానీయలేదు, వీళ్ళు రానీయలేదు, నేను పోలేదు. మూడింటిలో దేన్ని గురించి వ్యాసం రాయాలో నాకు స్పష్టంగా తెలుసు, ఇప్పటికీ రాయలేదు.

సుగుణ నాతో చెప్పకుండా అక్కకు ఫోన్ చేసింది. నేను కోపానికొచ్చాను. పరువు గురించి, సూత్రం గురించి ఏదో మొదలుపెట్టాను.

"సభల మాట్లాడినట్టు నాతోని మాట్లాడకు," అంది సుగుణ. "నువ్వు సస్తె నీ సూత్రాన్ని నేనేం జేసుకోవాలె? ఊరగాయ పెట్టుకోవాల్నా?"

మూడో రోజు అక్క వచ్చింది. భుజాన సంచి, చేతిలో నల్ల జిప్పు కవరు వేసిన ఆమె పరిశుద్ధ గ్రంథం. నా మంచం అంచున కూర్చుని నా కాళ్ళను వేలితో నొక్కి చూసింది. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"సగమైనవ్ తమ్మీ."

"ఎందుకొచ్చినవ్ అక్కా?"

"నా కిడ్నీ ఒకటి ఇయ్యనీకి. సుగుణ చెప్పింది, అక్కాతమ్ములదయితె కుదురుతదట."

"నేను నీకేం జేసిన్నని?"

"ఏం జెయ్యలే. గది నాకు తెల్వదా?"

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ రాయాలి. "పరలోకంల సీటు కోసమా?" అన్నాను.

సుగుణ తలుపు దగ్గర నిలబడి తల పట్టుకుంది. అక్క మాత్రం నవ్వింది.

"పిచ్చోడా. కిడ్నీ ఇస్తె పరలోకమొచ్చేటట్టుంటె దవాఖాన ముంగట లైను కట్టేటోళ్ళు. మా తాన గట్ల లేదు. అది మనం చేసిన పనికి వచ్చేది కాదు. ఊకెనే ఇచ్చేది."

"మరి ఎందుకిస్తున్నవ్?"

"నీకు లేదు. నాకు రెండున్నయి. ఇండ్ల సమజ్ కానిదేముంది?"

ముప్పై ఏళ్ళు నేను వాదించింది మంచి పనికి ప్రతిఫలం కోరే మతంతో. ఆమె మతం మంచి పనితో పరలోకం రాదంటోంది. అయినా ఆమె ఇస్తానంటోంది. నా వ్యాసం మొత్తం వేరే ఎవరి ఇంటి తలుపో కొట్టిందని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"గని నాదొక పని జేసిపెట్టాలె," అంది అక్క. గ్రంథం నా దుప్పటి మీద పెట్టింది. "ఊకెనే ఇచ్చేదే. గని నమ్మినోళ్ళకే అంటరు. మీ బావ నమ్మలే, బాప్తిస్మం తీసుకోలే. చేసినయన్ని మంచి పనులే. మరి మీ బావ గిప్పుడు యాడున్నడు? గీ పుస్తకం సదివి చెప్పు. నన్ను కోసే ముంగట చెప్పాలె. ఒకవేళ లేవకపోతె, యాడికి పోతున్ననో, ఆడ మీ బావ ఉంటడో లేడో తెల్వాలె గద."

"మీ పాస్టరు అయ్యగారినడుగు."

"అడిగిన. దేవుని చిత్తమమ్మా అన్నడు. పోరడు మంచోడే, గని పెద్దలకు భయపడ్తడు."

"నేను నమ్మను గద అక్కా. నన్నెందుకడుగుతున్నవ్?"

"గందుకే. నన్ను సముదాయించనీకి నువ్వు అబద్ధమాడవు. నీకంత ప్రేమ లేదు."

నవంబరు నుంచి జనవరి

పరీక్షల మీద పరీక్షలు. అక్కను పట్నంలో పెద్ద దవాఖానకు తిప్పారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోగిలాగా వరండాల్లో కూర్చోబెట్టడం నేను పక్కనుండి చూశాను. ఆమె కింద కూర్చుని ఎవరిదో పిల్లకు జడ వేసేది.

మిగిలిన రోజుల్లో యంత్రం పక్కన పడుకుని చదివాను. చదివింది ఆసక్తితో అని చెబితే సగం నిజం. మొదట వేటగాడిలాగా చదివాను. వారంలోపే దొరికింది. ఒక ఉత్తరంలో రాసినాయన, రక్షణ అన్నది కృప వల్ల, విశ్వాసం ద్వారా ఉచితంగా వచ్చేదని, క్రియల వల్ల కాదని, ఎవరూ గొప్ప చెప్పుకోకుండా ఉండటానికే అలా ఉందని చెప్పాడు. మరికొన్ని పేజీలు తిప్పితే ఇంకో ఉత్తరం. అందులో ఇంకొకాయన, క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేని శరీరమన్నాడు. ఆకలితో ఉన్నవాడికి కడుపు నిండుగాక అని చెప్పి పంపితే ఏం లాభమని నిలదీశాడు. ఒకే అట్టల మధ్య రెండు మాటలు. నాకు పాత సంతోషం వచ్చింది. సైదులుకు చదివి వినిపించాను.

సైదులు కళ్ళు మూసుకునే విన్నాడు. "ఇండ్ల తకరారేముంది సారూ? మా ఓనరుకు ఇద్దరు డ్రైవర్లుండె. జోరుగ తోలేటోనికి మెల్లగ పో అనేటోడు. మెల్లగ పోయెటోనికి జర తొక్కు అనేటోడు. రెండు మాటలు ఒక్క తీరు లేవని ఓనరుతోని కొట్లాడుతమా? ఎవనికి చెప్పిండో సూడాలె గని."

నేను పుస్తకం మూసి పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను. ఎవరికి చెప్పారు? రెండో ఉత్తరం, నమ్మితే చాలని చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్ళకు. మొదటిది, చేసిన మంచి పనులు చూపించి తలెగరేసేవాళ్ళకు. నేను చేయించిన కులాంతర వివాహాలు, నేనిచ్చిన రక్తం, నేను మాన్పించిన జంతుబలులు. ప్రతి సభలో వీటి పట్టీ చదివేవాణ్ని. దేవుడు లేకున్నా ఎంత మంచి చేశానో చూడండని. ఆ మొదటి ఉత్తరం నాకు రాసిందని ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఉత్తరం రాసినాయన దేవుణ్ని నేనిప్పటికీ ఒప్పుకోను. కానీ నన్ను మాత్రం అతను సరిగ్గా పట్టుకున్నాడు.

బావ సంగతి మాత్రం తేలలేదు. ఒక పేజీ లోపలికి తీసుకుంటే ఒక పేజీ బయటికి పంపేది. క్రీస్తు పక్కనే శిలువ మీద చచ్చిపోతూ ఒక్క మాట అడిగిన దొంగకు చోటు దొరికింది, వాడికి మంచి పని చేసే సమయమే లేదు. మరి ముప్పై ఏళ్ళు మందులు మోసినవాడికి? నాకు దాహం కూడా తెలియకుండా పోయేది, ఆ ప్రశ్నలో పడితే. జబ్బు గురించి భయపడటం మరిచిపోయిన గంటలు అవే.

అక్క ఆ గ్రంథంలో ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుంది. అక్కడక్కడ పాత బస్సు టికెట్లు కూడా గుర్తుగా పెట్టి ఉన్నాయి, కండక్టరు పంచ్ కొట్టిన రంగు టికెట్లు. టికెట్ ఉన్న చోట ఎర్ర గీతలు కూడా ఉండేవి. ఒక్క చోట మాత్రం టికెట్ ఉంది, గీత లేదు. ఆ పేజీ నేను చాలాసార్లు చదివాను.

2023, ఫిబ్రవరి

కిడ్నీ ఇచ్చేవాళ్ళను దవాఖానలో ఒక అధికారి ప్రశ్నిస్తాడు. కెమెరా పెడతారు. ఎవరైనా బలవంతపెట్టారా, ఆశ చూపారా అని తేల్చుకోవడానికి. మంచి నియమం. ముందురోజు నేను అక్కకు పదిసార్లు చెప్పాను. "బదులుగ ఏమన్న ఇస్తమన్నరా అంటడు. ఏం లేదు సార్ అను. అంతకంటె ఒక్క మాట ఎక్కువ మాట్లాడకు."

అధికారి నడివయసు మనిషి, అలసిపోయిన ముఖం. పేరు, ఊరు, నాకేమవుతుందో అడిగాడు. తర్వాత, "బదులుగా మీకేమైనా ఇస్తామన్నారా అమ్మా?" అన్నాడు.

"ఇస్తనన్నడు సార్," అంది అక్క.

 సుగుణ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. నా ముందు యంత్రం, చలి, కొలిచిన నీళ్ళు, అన్నీ మళ్ళీ వరసగా కనబడ్డాయి. చచ్చేదాకా అవే.

అధికారి కలం ఆగింది. "ఏమిస్తామన్నారు?"

"ఒక సంగతి సదివి చెప్తనన్నడు."

"ఏం సంగతి?"

"మా ఆయన సచ్చిపోయిండు సార్. మంచోడు. దేవుణ్ని నమ్మలే. గిప్పుడు యాడున్నడని అడిగిన. తమ్ముడు సారు గద, పెద్ద పెద్ద పుస్తకాలు సదివిండు. సదివి చెప్తనన్నడు. అబద్ధం చెప్పొద్దని మా తాన ఉంటది, గందుకని చెప్తున్న."

అతను కలం బల్ల మీద పెట్టాడు.  తర్వాత నా వైపు తిరిగాడు.

"చెప్పారా?"

"ఇంకా చదువుతున్నాను," అన్నాను.

"తొందరగా చదవండి సార్," అని, అక్క వైపు తిరిగి, "ఆయన చెప్పకపోయినా ఇస్తారామ్మా?" అన్నాడు.

"ఇయ్యనా మరి? వాని జబ్బుకు, నా ఫికరుకు ఏం సంబంధం?"

సంతకం చేశాడు.

మార్చి

కోసే ముందురోజు మధ్యాహ్నం నన్ను చక్రాల కుర్చీలో అక్క వార్డుకు తీసుకుపోయారు. ముక్కుపుడక తీయించారు. ఆకుపచ్చ గౌనులో, బోసి ముక్కుతో, ఎవరో చిన్నపిల్లలా ఉంది. నా ఒడిలో గ్రంథం ఉంది. ఆ గీత లేని పేజీ తీశాను.

"గీ టికెట్ ఎవలు పెట్టిన్రు?"

"మీ బావ. పొద్దుమూకినంక సదివిచ్చుకునేటోడు నాతోని. యాడన్న మంచిగనిపిస్తె టికెట్ పెట్టేటోడు. నేను తర్వాత గీత గీసుకునేదాన్ని. గీడ మాత్రం గియ్యలే."

"ఎందుకు?"

"నవ్వేటోడు గీ కాడ. దేవుని మాట సదువుతుంటె నవ్వుతవా అని కోపమొచ్చేది నాకు."

అక్కడున్నది ఇద్దరు కొడుకుల కథ. తండ్రి ఇద్దరినీ తోటలో పనికి పొమ్మంటాడు. ఒకడు పోనంటాడు, తర్వాత మనసు మార్చుకుని పోతాడు. రెండోవాడు పోతానంటాడు, పోడు. తండ్రి మాట విన్నది ఎవరని కథ చెప్పినాయన విన్నవాళ్ళనే అడుగుతాడు.

"ఏమని నవ్వేటోడు?"

"నేను గా మొదటి పోరని లెక్క అనేటోడు. పోను పోను అంటనే పోతున్న, రోజు పోతున్న అనేటోడు."

నేను వేలు ఆ టికెట్ మీదే ఉంచాను. తర్వాత చెప్పాను. "అక్కా, గా చోటు ఉన్నదని నేను నమ్మను. నీ ముంగట నమ్మినట్టు నటించను. బాప్తిస్మం ఉండాలనే పేజీలు కూడ ఉన్నయి. దాయను. ఎవరన్న అవి సూపిచ్చి కాదనొచ్చు. గని నీ దేవుడు తానే అడిగిన ప్రశ్నకు ఆడున్నోళ్ళు చెప్పిన జవాబు ఒక్కటే. పోనని పోయినోడే తండ్రి మాట విన్నోడు. ఇగ గా ఉచితం ముచ్చట. ఊకెనే ఇచ్చేదైతే, ఎవరికియ్యాల్నో ఇచ్చేటాయన ఇష్టం. గోడ కట్టి కావలి కూసునే పని సంఘం పెద్దలకు ఎవరూ ఇయ్యలే. నేను సదివినంత వరకు బావ లోపలున్నడు."

అక్క కొంగు కోసం తడుముకుంది. కొంగు లేదు, గౌను చేతితో కళ్ళు తుడుచుకుంది.

"నీకు ముందుగాల తెల్వదా గీ కథ?" అన్నాను.

"తెలుసు. నేను చెప్పుకుంటె ఆశ అంటరు. నువ్వు చెప్తె రుజువంటరు." నా వైపు చూసి, "మరి నీ సంగతేంది? నువ్వు ఏ కొడుకువు?" అంది.

"నేను మూడోవాణ్ని. ముందుగాల తోట ఉన్నదని రుజువు చూపియ్యమంట."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. నర్సు వచ్చి ఇద్దరినీ కసిరింది, ఇది దవాఖానా, పెళ్ళి మండపమా అని.

ఏప్రిల్, మే

మెలకువ వచ్చాక నేను మొదట అడిగింది అక్క గురించి. బాగుందన్నారు. ఐదో రోజు గ్లాసు నిండా నీళ్ళిచ్చారు. తాగాక ఇంకో గ్లాసు ఇచ్చారు. ఇంకా తాగండన్నారు. ఏ మతంలోనూ వర్ణించని స్వర్గం అది. ఎండాకాలంలో కొలవని నీళ్ళు.

ఒక సంగతి గమనించండి. నన్ను చూడటానికి జనం వచ్చారు, విద్యార్థులు వచ్చారు. అక్క మంచం దగ్గర సుగుణ తప్ప ఎవరూ లేరు. నిజానికి నొప్పి ఆమెకే ఎక్కువ. నాకు జబ్బు పోయింది, ఆమెకు కోత వచ్చింది. ఇచ్చినవాళ్ళను పలకరించాలని మనకు తోచదు. నాకూ తోచలేదు, సుగుణ తిట్టేదాకా.

సైదులు ఆ వేసవిలోనే పోయాడు. ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తింది. నా చెయ్యి ఒత్తి పట్టుకున్న ఆ బొటనవేలు గురించి ఆమెకు ఏదో చెప్పబోయాను. సరిగ్గా చెప్పలేకపోయాను.

2024, ఈస్టరు

ఏడాది పాటు జనంలోకి పోవద్దన్నారు. అది గడిచాక అక్క పిలిచింది. వాళ్ళ సంఘంలో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన చేస్తారు. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పొద్దు పొడిచేసరికి తోటంతా మిణుకుమంటుంది. అక్క ఏటా ఆ ప్రార్థనకు పోయి, అది ముగిశాక చుట్టూ తిరిగి గోడ బయటికి వచ్చి ఒంటరిగా ఒక కొవ్వొత్తి పెట్టేదట. గోడకు ఆ వైపు చిన్న గేటుంది. దానికి తాళం.

ఈసారి ఆమె లోపలికి పోలేదు. నాతో పాటు బయటే నిలబడింది. నేను ముఖానికి మాస్కు కట్టుకుని బావ సమాధి పక్కన నిలబడ్డాను, అయిదేళ్ళు ఆలస్యంగా. లోపల పాట వినబడుతోంది. అక్క కొవ్వొత్తి వెలిగించింది. గాలికి ఆరింది. మళ్ళీ వెలిగించింది. నేను చేతులు అడ్డం పెట్టాను. ప్రార్థన చేయలేదు. చేతులు అడ్డం పెట్టడానికి నమ్మకం అక్కర్లేదు.

పాట ఆగాక కర్ర చప్పుడు వినబడింది. ఒక ముసలమ్మ పెద్ద గేటు నుంచి బయటికొచ్చి, గోడ చుట్టూ తిరిగి, గట్టు మీద మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో కొవ్వొత్తి.

"అంజయ్య నా ఆయాసం మందు తెచ్చేటోడు," అంది నాతో, నేనెవరో తెలియకుండానే. "గింత దూరం తిప్పుతున్నరు సూడు నన్ను. గా గేటు తీస్తె ఏం బోయె?"

ఆమె వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. కుర్ర పాస్టరు గేటు అవతల, ఊచల దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"అయ్యగారూ, తాళం ఎవరి తాన ఉంది?" అని అడిగింది అక్క.

"పెద్దల దగ్గరుందమ్మా. వచ్చే ఏటికి మాట్లాడతాను."

"జర జల్దీ మాట్లాడుండ్రి. నాకు ఒక్కటే కిడ్నీ ఉంది."

అతను నవ్వలేదు. ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి, తన చేతిలోని కొవ్వొత్తిని అక్కకు ఇచ్చాడు. తోటలో అతను ఇంకా ఎక్కడా పెట్టని కొవ్వొత్తి అది. అక్క దాన్ని బావ తల వైపు పెట్టింది.

నేను ఇప్పటికీ ఏ కొడుకునో తేల్చుకోలేదు. కానీ ఆ గేటు ముందు ఒకటి తేలింది. పరలోకం ఉందా, మంచి పనులతో వస్తుందా, ఉచితంగా వస్తుందా అన్న వాదన ఎన్నాళ్ళైనా సాగనీయండి. నాకూ అందులో ఆసక్తి ఉంది, ఇంకా చదువుతున్నాను. ఈ లోపల గోడలు మాత్రం మనం కట్టినవే, తాళాలు మనం వేసినవే.

ఇక మీ సంగతి. మీరు ఏ మతం వారైనా, ఏ మతం లేనివారైనా, మీ ఊరి శ్మశానానికో, సమాధుల తోటకో పోండి. గోడ బయట ఎవరున్నారో చూడండి. బతికినప్పుడు వాళ్ళు ఎవరికి ఏం చేశారో అడగండి. ఆ గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. వేరేవాళ్ళ దగ్గరుంటే, ఈ వారమే పోయి అడగండి. మీ దగ్గరే ఉంటే లేవండి. పోయి తాళం తియ్యండి.